కింది పట్టు

గడియారాలు బాగుచేసే దుకాణం పైనున్న మేడగదిలో ఆ ఉదయం రెండే చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఒకటి కింది నుంచి, దేనికి తోచినట్టు అది నడిచే గడియారాలది. రెండోది గదిలోనే, కిటికీ పక్కన గుంజీలు తీస్తున్న డ్రిల్లు మాస్టారి ఆయాసానిది. బడి ఆయనకు ఏనాడో సెలవిచ్చింది. ఆయన మాత్రం తన ఒంటికి ఇంకా ఇవ్వలేదు.

ఆ గది యజమాని కుర్చీలోంచి కదలకుండా నారింజపండు వలుస్తున్నాడు. తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా రావాలని ఆయన పట్టుదల. ప్రైవేటు డిటెక్టివుగా ఆయనకు మంచి పేరే ఉన్నా, ఊరు దాన్ని ఎప్పుడో మరిచిపోయి ‘నిదానం గారు’ అన్న మారుపేరునే వాడుకలో ఉంచుకుంది.

తలుపు ఎవరూ తట్టలేదు. ఒక అమ్మాయి నేరుగా లోపలికి వచ్చి నిలబడింది. ఒక కాలికి తోలు చెప్పు, రెండో కాలికి రబ్బరు చెప్పు. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

“నిదానం గారంటే మీరేనా?”

“ఆయన నిదానం. నేను తొందర. కూర్చో తల్లీ,” అన్నారు డ్రిల్లు మాస్టారు కుర్చీ లాగుతూ.

ఆమె కూర్చోలేదు. “మా నాన్న పోయాడండీ. మా ఆయనే చంపాడని లాకప్పులో పెట్టారు. పొట్టలో గుద్దాడని మా బాబాయి చెప్పాడు, కళ్లారా చూశాడట. మా ఆయనేమో గుద్దలేదు, గుండె మీద చెయ్యేసి తోశానంతే అంటాడు. నాన్న కోసం ఏడుద్దామంటే మొగుడు గుర్తొస్తాడు. మొగుడి కోసం ఏడిస్తే అమ్మ నా మొహం చూడట్లేదు. నేనెవరి కోసం ఏడవాలో అదొక్కటి తేల్చిపెట్టండి. ఇంకేమీ వద్దు.”

నారింజ తొక్క తెగిపోయింది. నిదానం గారు పండును సగం చేసి, ఒక సగం ఆమె చేతిలో పెట్టారు.

“ముందు ఇది తిను. తరవాత మొదటి నుంచి చెప్పు.”

ఆమె చెప్పింది. తండ్రీ బాబాయీ బరువైన సామాన్లు మోసే పనివాళ్లు. ఇనప్పెట్టెలు, పియానోలు, మూడు తలుపుల బీరువాలు, ఇరుకు మెట్ల మీదుగా గోడకు గీత పడకుండా దించడంలో పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీల జంటకు సాటి లేదు. వాళ్ల వ్యాను నడిపేది ఆమె భర్త. మొన్న పగటిపూట ఆయన ఇంటికొచ్చి మామగారితో గొడవపడ్డాడు. తల్లి వంటింట్లో, కూతురు పెరట్లో కుళాయి దగ్గర ఉన్నారు. గదిలో మూడో మనిషి బాబాయి ఒక్కడే. పెద్ద మేస్త్రీ మంచం మీద పడి, లేచి, గుమ్మం దాకా నడిచి, మొహం సున్నంలా పాలిపోయి కూలిపోయాడు. ఆసుపత్రి చేరేలోగానే ప్రాణం పోయింది.

“గొడవ దేని మీదమ్మా?”

“ఏదో పని సంగతి. ఆయన నాకూ చెప్పట్లేదు.”

*

పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరు వాళ్లను చూసి నవ్వాడు.

“ఇందులో మీరు తవ్వడానికి ఏముంది, నిదానం గారూ? గుద్దినవాడున్నాడు. గుద్దడం చూసినవాడున్నాడు. పగిలిన ప్లీహం ఉంది. అది ఉండేది ఎడమపక్కన. అల్లుడు కుడిచేతివాడు, కుడిచేతివాడు ఎదురుగా నిలబడి గుద్దితే దెబ్బ ఎడమపక్కే తగులుతుంది. ముక్కాలిపీట లాంటి కేసండీ. కదలమన్నా కదలదు.”

ఊచల వెనకున్న అల్లుడు మోకాళ్ల మీద తలపెట్టుకుని కూర్చున్నాడు.

“గొడవెందుకొచ్చింది?” అని అడిగారు నిదానం గారు.

“చెప్పనండీ.”

“మెడ మీదికి వస్తున్నా?”

“చెప్పనని మామయ్యకు మాటిచ్చాను. ఆయనుండుంటే వెనక్కి అడిగి తీసుకునేవాణ్ని. ఇప్పుడెవరినడగను?”

బయటికొచ్చాక డ్రిల్లు మాస్టారు ఆగలేకపోయారు. “వీడు అబద్ధమాడే రకం కాదండీ. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని చూశాను. దొంగవాడు కళ్లలోకి చూసి మాట్లాడతాడు.”

“అయితే వాడు నిజం చెప్పాడనుకుందాం. అప్పుడు ఆ ప్లీహాన్ని పగలగొట్టిందెవరు, మాస్టారూ?”

ప్రశ్నే సగం జవాబని మురిసిపోతూ మాస్టారు ఆయన వెంట నడిచారు.

శవపరీక్ష చేసిన డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, వాళ్లు అడిగింది విని, కుళాయి కట్టేసింది.

“ఇన్‌స్పెక్టరు గారికి ఫోన్లో చెప్పబోయాను. ‘ప్లీహమే కదా?’ అన్నారు. ‘ప్లీహమే’ అన్నాను. పెట్టేశారు.”

“మాకు మొత్తం చెప్పండి. మాకు తొందర లేదు.”

మాస్టారు దగ్గారు.

“పొట్ట అంటే ఒక గది అనుకోండి,” అందామె. “ఏ వస్తువు ఎక్కడ విరిగిందో చూస్తే, రాయి ఏ కిటికీలోంచి పడిందో చెప్పొచ్చు. కుడి పక్కటెముకల కింద దెబ్బ తగిలితే కాలేయం చిట్లుతుంది. సైకిల్ హ్యాండిలు నడుమ గుచ్చుకుంటే క్లోమం వెన్నెముకకు నొక్కుకుని నలుగుతుంది. తుంటి ఎముక విరిగితే దాని మొన మూత్రాశయాన్ని చీలుస్తుంది. అదే నిండుగా ఉన్నప్పుడు తగిలితే, ఎముక విరక్కపోయినా, నీళ్ల బుడగలా పైకప్పు పగులుతుంది. పిడికిలి మెత్తటి పొట్టలో దిగితే పేగులు కమిలిపోతాయి, వాటిని పట్టి ఉంచే పొర చిరుగుతుంది. ఈయనకు పేగులు శుభ్రంగా ఉన్నాయి. ఎడమవైపు అడుగు పక్కటెముకలు చిట్లాయి, వాటి వెనకున్న ప్లీహం చితికింది. గట్టిగా, మొనదేలి ఉన్నదేదో కింద నుంచి పైకి పొడిచినట్టు.”

“పిడికిలి కాదన్నమాట.”

“పిడికిలికి అంత మొన ఉండదు. పైగా ఆ ఎముకలు అతుక్కోవడం మొదలైంది. గుద్దు తిన్న కాసేపటికే పోయిన మనిషికి ఎముకెలా అతుకుతుందండీ? ప్లీహం చుట్టూ నల్లగా గడ్డకట్టిన పాత రక్తముంది. దాని మీద సన్నటి తొడుగుంటుంది. లోపల చిట్లినా, ఆ తొడుగు సంచిలా రక్తాన్ని పట్టి ఉంచుతుంది. మనిషి తిరుగుతాడు, నవ్వుతాడు, పనికి పోతాడు. ఒకరోజు ఆ సంచి తెగుతుంది.”

“మొదటి రోజే వచ్చి ఉంటే?”

డాక్టరమ్మ తువ్వాలు మడతపెట్టింది. మడత సరిగా రాలేదని మళ్లీ విప్పింది. “బతికేవాడు,” అంది.

*

మేస్త్రీ ఇంట్లో భార్య మంచం కోడు పక్కన నేల మీద కూర్చుని ఉంది. మంచం మీద ఎవరూ లేరు. అయినా పక్క పరిచే ఉంది.

“అల్లుడి తరఫున వచ్చారా?” అని అడిగింది తలెత్తకుండా.

“మీ ఆయన తరఫున వచ్చామమ్మా. ఈమధ్య ఆయనకు ఒంట్లో బాగోలేదా?”

“ఒళ్లు రాయి లాంటి మనిషి. భుజం నొప్పి ఒక్కటే. ఎడమ భుజం. పడుకుంటే మరీ పోటు పెట్టేది. గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నేను రోజూ నూనె కాచి మర్దనా చేసేదాన్ని. ‘మోసేది కుడి భుజం మీదైతే ఎడమ భుజానికి నొప్పేమిటయ్యా’ అని వెక్కిరించాను కూడా. ‘దానికి బరువు దక్కలేదని ఏడుస్తోందే’ అన్నాడు.”

“తిండో?”

“రెండు ముద్దలకే కడుపు నిండిందనేవాడు. నా వంట మీద అలిగాడనుకున్నా.” ఆమె మంచం మీది దుప్పటి సర్దింది. “అదీ అడగలేదు. ఆడదాని రోషం.”

గోడ మేకుకు వెడల్పాటి తోలు నడికట్టు వేలాడుతోంది. బరువు మోసేవాళ్లు నడుం గట్టిపడటానికి కట్టుకునేది. నిదానం గారు దాన్ని దించి వెలుగులోకి పట్టుకెళ్లారు. ఏళ్ల తరబడి కట్టి కట్టి సాగిన రంధ్రం ఒకటి, నల్లగా నిగనిగలాడుతోంది. దాని పక్కన వదులు వైపున్న రంధ్రం మాత్రం కొత్తగా సాగింది. బక్కచిక్కుతున్న మనిషి నడికట్టు బిగించాలి. ఈయన వదులు చేశాడు. ఎడమవైపు పై అంచున తోలు లోపలికి దిగబడి ఉంది, మూడు అంచులు ఒకచోట కలిసే గుంట. మాస్టారు వేలుపెట్టి చూశారు. వేలి కొస సరిగ్గా పట్టింది.

చిన్న మేస్త్రీ వ్యాను నిలిపే రేకుల షెడ్డులో దొరికాడు. భారీ మనిషి, అన్నకు అద్దంలో నీడలా ఉంటాడట. పక్క అంగడి నుంచి టీ వచ్చింది. గాజు గ్లాసులు పొగలు కక్కుతున్నాయి. డ్రిల్లు మాస్టారు గ్లాసు అంచు పట్టుకుని, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, “ఇది టీయా, నిప్పుకణికా!” అని తిట్టుకుంటూ చివరికి బల్ల మీద పెట్టేశారు. చిన్న మేస్త్రీ మాత్రం గ్లాసును రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకున్నాడు. చర్మం ఎర్రబడుతున్నా మొహంలో చలనం లేదు.

“మీ పద్ధతి ఎలా ఉంటుందో చెప్పండి,” అన్నారు నిదానం గారు. “ఎవరు కింద, ఎవరు పైన?”

“కింది పట్టు ఎప్పుడూ అన్నదే. బరువంతా కిందివాడి మీదే కదండీ. కుడి భుజమ్మీద మోత, ఎడమ చెయ్యి పైకెత్తి పట్టీ పట్టుకుంటాడు. వెనక్కి వెనక్కి దిగుతాడు. పైవాడు లాగి పట్టాలి. కిందివాడు ‘వదులు’ అనేదాకా పైవాడు వదలకూడదు. పిడుగు పడినా సరే. మా నాన్న పెట్టిన పద్ధతి.”

“కిందివాడికి దెబ్బ తగిలితే?”

“చెప్పుకోం. ఒకసారి కింది పట్టు దిగినవాణ్ని మళ్లీ ఎవరూ అక్కడ నిలబెట్టరండీ.”

“చివరిసారి పెద్ద బరువు ఎక్కడ మోశారు?”

ఆయన టీ వైపు చూశాడు. “సంగీతం టీచరమ్మ ఇంట్లో. రెండు వారాలైంది.”

“అల్లుడు గుద్దడం మీరే చూశారు కదూ?”

“చూశా,” అన్నాడు చిన్న మేస్త్రీ, మరీ త్వరగా. “గుప్పిట బిగించి. పొట్టలో.”

సంగీతం టీచరుకు మోకాళ్ల నొప్పులు. మేడ మీది కాపురాన్ని మెల్లగా కిందికి దించుకుంటోంది. మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి, మలుపు దగ్గర ఇద్దరు పక్కపక్కన నిలబడేంత చోటు లేదు. కింది గదిలోకి చేరిన పెద్ద బీరువా మూలలకు ఇత్తడి తొడుగులున్నాయి. నిదానం గారు మేస్త్రీ ఇంట్లో అడిగి తెచ్చుకున్న నడికట్టును చంకలోంచి తీసి, ఒక మూలను ఆ గుంటలో ఆనించారు. తాళంలో తాళంచెవిలా కూర్చుంది.

“మీరు చూశారా అమ్మా?”

“చూడలేదు, విన్నాను. మలుపు దగ్గర దభీమని ఒక చప్పుడు. తరవాత పెద్దాయన నవ్వాడు. శ్రుతి తప్పిన నవ్వు నాయనా అది. నా కళ్లు మోసం చేస్తాయేమో గాని చెవులు చెయ్యవు. మంచినీళ్లడిగి నిలబడే తాగాడు. రెండోవాడు ఎంతసేపటికీ పైనుంచి దిగలేదు. పైన ఇంకో చిన్న బీరువా ఉండిపోయింది. ‘రేపొచ్చి దించుతానమ్మా’ అన్నాడు పెద్దాయన. మళ్లీ రాలేదు.”

*

మర్నాడు మధ్యాహ్నం ఆ మెట్ల కిందే అందరూ కలుసుకున్నారు. తల్లీ కూతురూ రెండు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అల్లుణ్ని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. డాక్టరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. చిన్న మేస్త్రీ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నిదానం గారు చొక్కా చేతులు మడిచారు.

“టీచరమ్మకు పెద్ద మేస్త్రీ బాకీ పడ్డ పని ఒకటుంది. పైనున్న చిన్న బీరువా. అది దించేసి మాట్లాడుకుందాం. కింది పట్టు నేను పడతాను. చిన్న మేస్త్రీ గారూ, పైన మీరు పట్టండి.”

“మీరా?” అన్నారు మాస్టారు కంగారుగా. “మీ నడుముకి నారింజపండే బరువు!”

నిదానం గారు అప్పటికే మలుపు దాకా ఎక్కి, కుడి భుజం వంచి, ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. ఆ ఎత్తిన చెయ్యి కింద, పక్కటెముకలు చొక్కా మీదుగా లెక్కపెట్టేలా కనిపించాయి.

చిన్న మేస్త్రీ మెట్లెక్కాడు. బీరువాకు చుట్టిన పట్టీ మీద చేతులు వేశాడు. కిందికి చూశాడు. సరిగ్గా అన్న నిలబడ్డట్టే నిలబడ్డ ఆ మనిషిని, ఆ ఎత్తిన చేతిని చూశాడు. పట్టీ వదిలేసి మెట్టు మీద కూలబడ్డాడు.

“నేను పట్టను. మీరు అక్కణ్నించి దిగండి బాబూ. దిగండి. నా చేతులకు ఏమీ తెలియట్లేదు. పట్టీ ఉందో జారిందో తెలియదు. ఆరోజు అన్న ‘వదులు’ అనలేదు. నేనూ వదల్లేదు. చెయ్యే వదిలేసింది.”

కూతురు చేతిలోని పైటచెంగు నోటికి అడ్డుపెట్టుకుంది. తల్లి కదల్లేదు.

నిదానం గారు నెమ్మదిగా దిగొచ్చారు. ఆయన గొంతులో గెలిచినవాడి స్వరం లేదు.

“ఇన్‌స్పెక్టరు గారూ, మీ ముక్కాలిపీట మూడు కాళ్లూ చూద్దాం. పగిలిన ప్లీహం నిజం. కానీ అది ఆ పూట చిట్లింది కాదు; అతుకుతున్న ఎముకలే సాక్ష్యం. బీరువా ఇత్తడి మూల, ఎత్తిన ఎడమ చెయ్యి కింద, నడికట్టు అంచు మీద పొడిచింది. తోలులో గుంట ఇంకా ఉంది. దెబ్బ తిన్న మనిషి కడుపు ఉబ్బి నడికట్టు వదులు చేసుకున్నాడు. ప్లీహం ఉబ్బి జీర్ణకోశాన్ని నొక్కుతుంటే రెండు ముద్దలకే చాలన్నాడు. ఇక భుజం సంగతి డాక్టరమ్మ చెప్పాలి.”

డాక్టరమ్మ తల్లి వైపు చూడకుండా చెప్పింది. “పొట్టకీ గుండెకీ మధ్య ఒక పొర ఉంటుంది. కింద రక్తం చేరి దాన్ని రాపిడి పెడితే, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. పడుకుంటే ఎక్కువవుతుంది. భుజానికి ఏమీ కాదు. నరం దారి అది.”

“అయితే నేను...” తల్లి తన అరచేతులు చూసుకుంది. “నేను నూనె రాసింది ఏమీ కాని చోటా?”

“ఎవరికి తెలుస్తుందమ్మా,” అంది డాక్టరమ్మ.

“ఆయనకు తెలుసు,” అంది తల్లి. “దెబ్బ ఎక్కడో ఆయనకు తెలుసు. చేత్తో రాస్తుంటే హాయిగా ఉందే అనేవాడు.”

“మరి గొడవ?” అని గొణిగాడు ఇన్‌స్పెక్టరు.

“అల్లుడు చెప్పడు, మాటిచ్చాడు కాబట్టి. నేను ఇవ్వలేదు కాబట్టి ఊహించి చెబుతాను. కాలే గ్లాసును గుప్పిట్లో పట్టుకునే చేతుల్ని ఈ అల్లుడూ ఎప్పుడో చూసే ఉంటాడు. ‘చిన్న మామయ్యను పైన నిలబెట్టొద్దు, నీ ప్రాణం మీదికొస్తుంది’ అని మామగారి మీద అరిచాడు. అప్పటికే ఆ ప్రాణం మీదికి వచ్చేసిందని ఇతనికి తెలియదు. కాదంటావా, బాబూ?”

అల్లుడు తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. “‘వాడి చేతులు పోయాయని నలుగురికీ తెలిస్తే వాణ్నింకెవరూ పిలవరు, నోరెత్తకు’ అన్నాడు. కోపమొచ్చి తోశా. తోశాను నిజమే. డాక్టరుగారూ, ఆ తోపుకేనా?”

డాక్టరమ్మ కుర్చీ అంచు నుంచి లేచింది.

“కావచ్చు,” అంది డాక్టరమ్మ. “తుమ్మినా తెగి ఉండేది. మంచం దిగినా తెగి ఉండేది. ఫలానా దానికని నేను ఒట్టేసి చెప్పలేను.”

చిన్న మేస్త్రీ మెట్ల మీదే తల పట్టుకున్నాడు. “అన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. గుమ్మంలో పడిపోయినప్పుడు నాకర్థమైంది, ఇది నా బీరువా దెబ్బేనని. పోలీసు అడిగాడు. గుద్దాడా అన్నాడు. ఆ మాట ఆయనే నా నోటికందించాడు. ఔనన్నా. ఒక్క ముక్క. తరవాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. నా అన్నను నేనే చంపాను, వదినా.”

“చెయ్యి జారడం హత్య కాదు,” అన్నారు నిదానం గారు. “ఆ చేతుల్ని వైద్యుడికి చూపించకుండా దాచింది మీరిద్దరూ. అదీ నేరం కాదు, తెలివితక్కువ ప్రేమ. కానీ ఈ కుర్రాడు మీ రహస్యం కాపాడుతూ ఊచల వెనక కూర్చుంటే, బయట నుంచి మీరు ఆ తలుపు బిగించారు. తప్పు అక్కడుంది. ఇన్‌స్పెక్టరు గారి ముందు ఆ ఔనన్న మాటను మీ నోటితోనే కాదనాలి.”

“అంటా,” అన్నాడు ఆయన. “ఎన్నిసార్లంటే అన్నిసార్లు.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు వెళ్లొచ్చు” అనబోయి, ఆ మాట చాలదనిపించి ఊరుకున్నాడు.

అల్లుడు వెళ్లలేదు. మెట్లెక్కి, “చిన్న మామయ్యా, పక్కకు జరుగు,” అన్నాడు. పట్టీ చేతికి చుట్టుకున్నాడు. డ్రిల్లు మాస్టారు ఎవరూ అడగకుండానే కింది పట్టుకు చేరారు. ఎడమ చెయ్యి ఎత్తబోయి, ఒక క్షణం ఆగి, ఎత్తారు.

చిన్న బీరువా మలుపు తిరిగింది. గోడకు గీత పడలేదు. మెట్టు మెట్టుకీ అల్లుడి ముంజేతుల నరాలు తాళ్లలా లేచాయి. బీరువా అడుగు నేలను తాకింది. మాస్టారు పక్కకు తప్పుకుని నుదురు తుడుచుకున్నారు. పని అయిపోయిందనుకున్నారు.

అల్లుడు మాత్రం వదల్లేదు. చివరి మెట్టు మీద వంగి, పట్టీ బిగించి పట్టుకుని అలాగే ఉన్నాడు. షెడ్డులో విన్న మాట మాస్టారికి ఆ క్షణాన గుర్తు రాలేదు. ఆ మాట తెలిసిన చిన్న మేస్త్రీకి నోరు రాలేదు.

అప్పుడు తల్లి గోడను వదిలి వచ్చింది. ఇప్పటిదాకా చూడని అల్లుడి మొహంలోకి చూసింది.

“వదులు, నాయనా,” అంది.

అల్లుడు వదిలాడు. కూతురు గోడకానుకుని జారి కూర్చుని, ఎవరి కోసమో తేల్చుకోకుండానే ఏడ్చింది.